వంకర మోచేతి డాక్టరు జవాబులు

ఈసారి ఉత్తరాల కట్టలో సగానికి పైగా "ఆపరేషన్ చేయించుకోవాలా, వద్దా" అన్నవే. మిగిలినవాటిలో కొన్ని నా గురించి. ముందు ఆ బాకీ తీర్చుకుంటాను.

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను వైద్యవిద్య చివరి సంవత్సరంలో ఉన్నాను. ఎముకల శస్త్రచికిత్స చదవాలని ఉందంటే ఇంట్లోవాళ్లే కాదు, సీనియర్లు కూడా "అది మగవాళ్ల బలం కావలసిన పని" అంటున్నారు. మీరు ఈ శాఖలోకి ఎలా వచ్చారు? మీ ఎడమ మోచేయి వంకరగా ఉంటుందని మీ దగ్గర వైద్యం చేయించుకున్న మా పిన్ని చెప్పింది. నిజమేనా?
— ఒక వైద్య విద్యార్థిని

జవాబు: మీ పిన్నిది చురుకైన చూపు. నిజమే. ఏడేళ్లప్పుడు చెట్టు మీదినుంచి పడ్డాను. మోచేతికి కాస్త పైన ఎముక విరిగింది. పిల్లలకు తరచుగా విరిగే చోట్లలో అదొకటి. ఎక్స్‌రే తీయించలేదు. కట్లు కట్టే పెద్దమనిషి ఒకరు చేతిని లాగి, బద్దలు పెట్టి, బిగించి కట్టారు. కట్టు విప్పేసరికి చేయి పనిచేస్తోంది గానీ, కొద్దిగా బయటికి ఉండవలసిన ముంజేయి లోపలికి తిరిగి ఉంది. వైద్య పుస్తకాలు ఆ వంపును తుపాకీ మడమతో పోలుస్తాయి. బడిలో నాకు పెట్టిన పేర్లు అంత మర్యాదగా ఉండేవి కావు.

నేనెంత అదృష్టవంతురాలినో తెలిసింది మాత్రం వైద్యం చదివేటప్పుడే. ఒక పిల్లవాడిని తీసుకొచ్చారు. అదే చోట విరుపు, అలాంటి బిగుతు కట్టే. కానీ ఆ కట్టు కింద ముంజేతి కండరాలకు రక్తం అందలేదు. అవి చచ్చి, గట్టిపడి, కుంచించుకుపోయాయి. వేళ్లు డేగ గోళ్లలా ముడుచుకుపోయాయి. 1881లో ఫోల్క్‌మన్ అనే జర్మన్ సర్జన్ ఈ స్థితిని వివరించాడు. ఇప్పటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తాం. కొద్ది గంటల్లో కట్టు వదులు చేసి ఉంటే ఆ బిడ్డ చేయి దక్కేది. నేను ఈ శాఖలోకి వచ్చింది గొప్ప ఆశయంతో అని చెప్పుకోను. ఆ రోజు వచ్చిన కోపంతో వచ్చాను.

ఇందులో ఒక తమాషా కూడా ఉంది. మా శాఖకు 'ఆర్థోపెడిక్స్' అన్న పేరు పెట్టింది 1741లో నికొలా ఆంద్రీ అనే ఫ్రెంచి వైద్యుడు. గ్రీకులో 'ఆర్థోస్' అంటే తిన్ననిది, 'పైస్' అంటే బిడ్డ. ఆయన పుస్తకంలో వంకర పోయిన చెట్టును గుంజకు తాడుతో కట్టిన బొమ్మ ఒకటి ఉంటుంది. ఎముకల వైద్యుల సంఘాలు ఎన్నో దాన్ని తమ గుర్తుగా పెట్టుకున్నాయి. సదస్సుల్లో ఆ బొమ్మ కింద కూర్చున్నప్పుడల్లా, ఎవరూ గుంజకు కట్టని చెట్టు ఒకటి వేదిక మీదే ఉంది కదా అనుకుంటాను.

ఇక బలం సంగతి. జారిపోయిన తుంటి కీలును తిరిగి కూర్చోబెట్టడం చూసే ఉంటావు. మత్తుతో కండరాలు సడలాక, తొడను సరైన కోణంలో పట్టి నిదానంగా లాగితే కీలు దానంతట అదే 'టక్'మని కూర్చుంటుంది. కండబలం చూపించబోయినవాడు ఎముక విరగ్గొడతాడు. నిజంగా కావలసింది ఓర్చుకునే నడుము. ఎక్స్‌రే కిరణాలు తగలకుండా సీసం ఆప్రాన్ వేసుకుని గంటల తరబడి నిలబడాలి, ఆ బరువు ఆడా మగా చూడదు. నేను పొట్టిదాన్ని. పీట వేయించుకుని నిలబడతాను. మొదట్లో నవ్వినవాళ్లున్నారు. ఇప్పుడు నేను లోపలికి వెళ్లేసరికి పీట వేసి ఉంటుంది.

ఇంకొక్క మాట. శస్త్రచికిత్స చేసేదాన్నే అయినా, నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమందిని కత్తి ముట్టకుండానే పంపిస్తాను. ఆ పంపించడం నేర్చుకోవడానికే నాకు ఎక్కువ కాలం పట్టింది.

ప్రశ్న: నా వయసు 66. ఉపాధ్యాయుడిగా పనిచేసి విరమించాను. మోకాళ్ల ఎక్స్‌రేలు చూసి ఒక డాక్టరు "గుజ్జు పూర్తిగా అరిగిపోయింది, రెండు మోకాళ్లూ ఒకేసారి మార్చేద్దాం" అన్నారు. పొద్దున లేవగానే పది నిమిషాలు కీళ్లు పట్టేసినట్టుంటాయి. తర్వాత అరగంట నడుస్తాను. మెట్లు దిగేటప్పుడు నొప్పి. ఇప్పుడే చేయించుకోకపోతే తర్వాత కుదరదేమోనని భయంగా ఉంది.
— విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరంలో నేను వెతికిన వాక్యం ఒకటి లేదు. "రాత్రి నొప్పితో నిద్ర పట్టడం లేదు" అన్నది. అరగంట నడుస్తున్నానని రాసినవారు రేపే బల్ల ఎక్కవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. ఇది మిమ్మల్ని చూడకుండా చెబుతున్న మాట అని గుర్తుంచుకోండి.

మీ డాక్టరు గుజ్జు అన్నది మృదులాస్థిని, అది ఎక్స్‌రేలో కనబడదు. రెండు ఎముకల మధ్య ఖాళీ తగ్గిందా అన్నదే కనబడుతుంది. ఆ ఖాళీకీ నొప్పికీ ఉన్న చుట్టరికం చాలా దూరపుది. ఒకే వారంలో ఇద్దరు వచ్చారు నా దగ్గరికి. ఫిల్ములు పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో చెప్పలేం. ఒకరు తోటపని మానకుండా చేసుకుంటున్నారు, రెండోవారు స్నానాల గది వరకు వెళ్లడానికి గోడ పట్టుకుంటున్నారు. రెండోవారికి కీలు మార్చాను. మొదటివారికి వ్యాయామం రాసిచ్చాను. ఆయన కాస్త నిరాశ పడ్డారు కూడా. పెద్ద డాక్టరమ్మ దగ్గరికి వస్తే కుర్చీలో కూర్చుని కాలు చాపమంటుందేమిటని.

ఆ కాలు చాపడమే మీకూ చెబుతాను. కుర్చీలో కూర్చుని మోకాలు తిన్నగా చాపి, తొడ కండరం బిగించి, అయిదు లెక్కపెట్టి దించండి. ఒక్కో కాలికి పదిసార్లు, రోజుకు మూడు పూటలు, కనీసం మూడు నెలలు. మెట్లు దిగేటప్పుడు శరీరాన్ని ఆపి పట్టేది ఆ కండరమే. అది నీరసిస్తే భారమంతా కీలు మీద పడుతుంది. బరువు ఎక్కువ ఉంటే తగ్గించండి. ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల ఒత్తిడి తగ్గుతుందని కొలిచి చూశారు. నొప్పి మాత్రలు నెలల తరబడి సొంతంగా మింగకండి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలు హాయినిస్తుంది. అయితే అది చేయించుకున్న మూడు నెలల్లోపు కీలు మార్పిడి పెట్టుకోకూడదు, చీము పట్టే ముప్పు పెరుగుతుంది. ఈ సంగతి అడగనిదే చెప్పనివాళ్లున్నారు.

"తర్వాత కుదరదా" అన్న భయం గురించి. ఆగడం వల్ల నష్టపోయేవారు కొందరున్నారు. కాలు విల్లులా వంగుతూ పోతున్నా, మోకాలు పూర్తిగా చాపడం ఏటికేడు తగ్గుతున్నా, నడవలేక కండ కరిగిపోతున్నా వాయిదా వేయకూడదు. మీరు వీటిలో ఏదీ రాయలేదు. ఆరు నెలలకొకసారి చూపించుకుంటూ ఉండండి. రాత్రులు నిద్ర చెడి, ఇష్టమైన పనులు ఒక్కొక్కటే మానుకోవలసి వచ్చిన రోజున చేయించుకోవచ్చు. అప్పటికి కీళ్లు అయిపోవు.

రెండూ ఒకేసారి చేయడం తప్పేమీ కాదు గానీ గుండె, ఊపిరితిత్తుల మీద భారం ఎక్కువ. ఆ నిర్ణయంలో మత్తు డాక్టరు మాట నా మాట కంటే బరువైనది.

ఈ కృత్రిమ కీళ్ల వెనక ఉన్న మనిషి గురించి కొంచెం చెప్పనివ్వండి. ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ అనే సర్జన్ తుంటి కీలుకు మొదట టెఫ్లాన్ గిన్నె వాడాడు. రోగులు నొప్పి లేకుండా నడిచారు. ఆనందం కొన్నేళ్లే. గిన్నెలు అరిగిపోయాయి, రాలిన పొడికి చుట్టూ ఉన్న కణజాలం వాచి ఎముక కరిగింది. ఆయన ఆ పొడిని తన తొడలోకే ఎక్కించుకుని ఏమవుతుందో చూసుకున్నాడు. అరిగిన కీళ్లను ఒక్కొక్కటే తీసి మార్చాడు. 1962 నుంచి పాలీఎథిలీన్ అనే గట్టి ప్లాస్టిక్ గిన్నె వాడాడు. ఇప్పటి కీళ్లన్నీ ఆ దారిలోనివే. మోకాళ్లయితే ఇప్పుడు పదింటిలో సుమారు ఎనిమిది పాతికేళ్లు నిలుస్తున్నాయి. అలాగని మురిసిపోకండి. మోకాలు మార్చుకున్న పదిమందిలో ఒకరిద్దరు "అనుకున్నంత సుఖం లేదు" అంటారు. శస్త్రచికిత్సకు ముందు నొప్పి తక్కువగా ఉన్నవారికి ఈ మాట అనవలసి వచ్చే అవకాశం ఎక్కువ. తగ్గించడానికి అసలు నొప్పంటూ ఉండాలి కదా.

ప్రశ్న: మా అమ్మగారికి 81 ఏళ్లు. నిన్న జారి పడి తుంటి దగ్గర ఎముక విరిగింది. బంధువులంతా "ఈ వయసులో కోతలు ఎందుకు, మంచం మీద కదలకుండా ఉంచితే అదే అతుక్కుంటుంది" అంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక కుమారుడు

జవాబు: ఈ ఉత్తరం చూడగానే ఫోను చేశాను. అప్పుడు చెప్పిందే మిగతావారి కోసం ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి ఉత్తరం ప్రతి ఏడూ వస్తుంది.

ఈ వయసులో ప్రమాదం కోతది కాదు, మంచానిది. కదలలేని మనిషి ఊపిరితిత్తుల్లో కఫం చేరి న్యుమోనియా వస్తుంది. కాలి సిరల్లో రక్తం గడ్డకడుతుంది. వీపు కింద పుండ్లు పడతాయి. మనసు తికమకపడి ఇంట్లో మనుషులనే పోల్చుకోలేని స్థితి వస్తుంది. అందుకే సాధ్యమైనంతవరకు ఒకటి రెండు రోజుల్లోనే శస్త్రచికిత్స ముగించి, మర్నాడే లేపి నిలబెట్టాలని చూస్తాం. తొడ ఎముక పైకొసన గుండ్రటి తల, దాని కింద సన్నని మెడ ఉంటాయి; ఆ మెడ దగ్గర విరిగి పక్కకు జరిగితే ఎముక తలకు వెళ్లే రక్తనాళాలు తరచుగా తెగుతాయి కాబట్టి ఆ ముక్క బతుకుతుందన్న నమ్మకం ఉండదు, దాన్ని తీసి లోహపు తల పెడతాం. ఇంకొంచెం కింద విరిగితే లోపల కడ్డీయో, పక్కన ప్లేటో వేసి బిగిస్తాం. నడుము దగ్గర సూదితో మత్తు ఇచ్చి చేయడం చాలామందికి కుదురుతుంది.

గుండె జబ్బు ఉంది, షుగరు ఉంది అని వెనక్కి తగ్గేవారికి కూడా ఇదే చెబుతాను. వాటిని సర్దుకోవడానికి ఒక రోజు తీసుకోవచ్చు, ఒక నెల కాదు. బంధువులను ఒక్క ప్రశ్న అడగండి: రాత్రింబగళ్లు ఆమెను పక్కకు తిప్పేది ఎవరు? ఆ ప్రశ్నతో గదిలో సద్దు అణిగిపోవడం నేను చాలాసార్లు చూశాను.

ప్రశ్న: వచ్చే వారం నాకు కాలికి శస్త్రచికిత్స. ఆసుపత్రి కాగితంలో ఉన్న సూచనలు సగం అర్థం కాలేదు. ఏమేమి జాగ్రత్తలు తీసుకోవాలి?
— ఒక గృహిణి

జవాబు: అర్థం కాని సగాన్ని ఇవాళే ఫోను చేసి వాళ్లనే అడగండమ్మా, వాళ్ల కాగితమే మీకు ప్రమాణం. నేను ఆ కాగితాల్లో తరచుగా జారిపోయేవి చెబుతాను.

కడుపు ఖాళీగా ఉండడమంటే ముందు రాత్రి నుంచి గొంతు ఎండబెట్టుకోవడం కాదు. సాధారణంగా ఘనాహారం ఆరు గంటల ముందు ఆపాలి, మంచినీళ్లు రెండు గంటల ముందు వరకు తాగవచ్చు. పాలు కలిపిన కాఫీ, టీలు నీళ్ల కిందికి రావు, ఆహారం కిందికే వస్తాయి. "ఒక్క గుక్కే కదా" అని తాగి, బల్ల దగ్గర దాచేవారున్నారు. మత్తులో ఉండగా కడుపులోది ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందంటే నేను చేసే పని ఎంత బాగా చేసినా ఒకటే. తాగితే తాగానని చెప్పండి, కాసేపు వాయిదా వేస్తాం, ఎవరూ కోప్పడరు. సరే, నేను కొంచెం కోప్పడతాను.

వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకుని తీసుకెళ్లండి. మూలికలు, బలం మాత్రలు కూడా. రక్తం పలచబడే మాత్రలు మీ అంతట మీరు ఆపకండి, మీ అంతట మీరు కొనసాగించనూ వద్దు. ఏది ఎన్ని రోజుల ముందు ఆపాలో మందును బట్టి, గుండెను బట్టి మారుతుంది. షుగరు మాత్రల్లో కూడా కొన్ని రకాలను మూడు నాలుగు రోజుల ముందే ఆపాలి. ఇంట్లో ఎవరికైనా మత్తుమందు పడకపోయి ఉంటే తప్పక చెప్పండి.

కాలి మీద రోమాలు ఇంట్లో గీసుకోకండి. బ్లేడు పెట్టిన కంటికి కనబడని గాట్లలో సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. కావాలంటే ఆసుపత్రిలోనే క్లిప్పరుతో తీస్తారు. పన్ను వాచినా, చర్మం మీద సెగ్గడ్డ ఉన్నా, మూత్రంలో మంట ఉన్నా ముందే చెప్పండి, ఎక్కడి చీములోని సూక్ష్మజీవులైనా రక్తంలో ప్రయాణించి కొత్త లోహం మీద వాలవచ్చు. గోళ్ల రంగు తుడిచేయండి, వేలికి పెట్టే ఆక్సిజన్ కొలత సరిగా చూపించకపోవచ్చు. ఇంట్లో ఎవరైనా పొగ తాగుతుంటే, అదీ మీరే అయితే, ఈ రోజే మానండి. నికోటిన్ సన్నని రక్తనాళాలను బిగబట్టి ఎముక అతుకును ఆలస్యం చేస్తుంది.

ఆ రోజు మిమ్మల్ని పేరు, ఏ కాలు అని ముగ్గురు నలుగురు అడుగుతారు. "వీళ్లకు ఆమాత్రం తెలియదా" అని విసుక్కోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన తనిఖీ పట్టికలో భాగం అది. మీరు మెలకువగా ఉండగానే సర్జన్ ఆ కాలి మీద పెన్నుతో గుర్తు పెట్టాలి. పెట్టకపోతే అడగండి. పెట్టాక కడిగేయకండి. ఒకావిడ శుభ్రత కోసమని సబ్బుతో రుద్ది మరీ కడిగి వచ్చింది.

ప్రశ్న: మా తొమ్మిదేళ్ల బాబుకు ముంజేయి విరిగితే నిన్న పిండికట్టు వేశారు. రాత్రంతా నొప్పని ఏడుస్తున్నాడు. మందు వేసినా తగ్గడం లేదు. కొత్త కట్టు కదా, అలవాటవుతుందిలే అని మా అత్తగారు అంటున్నారు.
— ఒక తల్లి

జవాబు: ఇలాంటి ప్రశ్న ఉత్తరంలో రాయకండి తల్లీ. వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి. అర్ధరాత్రయినా సరే.

విరిగిన ఎముకను సరిచేసి కట్టు వేశాక నొప్పి గంటగంటకూ తగ్గాలి. పెరుగుతోందంటే లోపల వాపు ఎక్కువై, కట్టులో చోటు చాలక, కండరాలకు రక్తం అందడం లేదేమోనని అనుమానించాలి. పిల్లవాడి వేళ్లను మీరు మెల్లగా చాపి చూడండి. దానికే గిలగిలలాడితే అది పెద్ద గుర్తు. వేళ్లు ఎర్రగానే ఉన్నాయి, నాడి తెలుస్తోంది అని నిశ్చింతగా ఉండకండి, అవి చివరి వరకు బాగానే ఉండవచ్చు. తిమ్మిరి, చల్లదనం వచ్చేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. కట్టును, లోపలి దూదితో సహా, పూర్తిగా చీల్చి తెరవాలి. అతుకు కదులుతుందన్న భయం వద్దు. ఎముకను మళ్లీ సరిచేయవచ్చు, చచ్చిన కండరాన్ని తిరిగి తేలేం.

మొదటి ప్రశ్నకు జవాబులో చెప్పిన పిల్లవాడి వేళ్లు గుర్తున్నాయి కదా. (మీ బాబు కట్టు ఆ రోజే చీల్చి తెరిచారనీ, ఇప్పుడు బాగున్నాడనీ తర్వాత తెలిసింది. లేకపోతే ఈ ఉత్తరం ఇక్కడ వేసేదాన్ని కాదు.)

ప్రశ్న: మోకాలు మార్చి పది రోజులైంది. చేతికర్ర ఏ చేత్తో పట్టుకోవాలి? మెట్లు ఎక్కవచ్చా?
— ఒక పాఠకురాలు

జవాబు: ఆపరేషన్ అయిన కాలికి ఎదురు చేత్తో. సినిమాల్లో అందరూ నొప్పి కాలి వైపే పట్టుకుంటారు, వాళ్లకు నిజంగా నొప్పి లేదు కాబట్టి సరిపోతుంది. మెట్లు ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు ఆపరేషన్ కాలు, కర్ర దానితోపాటే. పడుకున్నప్పుడు మోకాలి కింద దిండు పెట్టకండి. హాయిగానే ఉంటుంది గానీ మోకాలు వంగినట్టే బిగుసుకుపోతుంది. దిండు మడమ కింద పెట్టండి. మొదటి ఆరు వారాల్లో రాబట్టుకోని వంపును తర్వాత రాబట్టడం చాలా కష్టం, కాబట్టి ఫిజియోథెరపిస్టును తిట్టుకుంటూనైనా చేయండి. పిక్క వాచి నొప్పి పెడితే, ఉన్నట్టుండి ఆయాసం వస్తే, కుట్ల దగ్గర చెమ్మ కనిపిస్తే మాత్రం ఎదురుచూడకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: నాకు పదిహేడేళ్లు. చిన్నప్పుడు విరిగిన మోచేయి మీలాగే వంకరగా అతుక్కుంది. పనులన్నీ చేసుకోగలను, నొప్పి లేదు. కానీ పొట్టి చేతుల బట్టలు వేసుకోను, ఫొటోల్లో చేయి వెనక్కి పెట్టుకుంటాను. సరిచేయించుకుంటానంటే అమ్మ "ఆ డాక్టరమ్మే చేయించుకోలేదు, నీకెందుకు" అంటోంది.
— ఒక అమ్మాయి

జవాబు: అమ్మకు చెప్పు, నన్ను సాక్ష్యంగా పిలవవద్దని. నేను చేయించుకోకపోవడం నా లెక్క. నా వృత్తిలో చేరేసరికి చేయి అడ్డం రాలేదు, సిగ్గు పోయింది, మచ్చ ఎందుకులే అనుకున్నాను. పదిహేడేళ్లప్పుడు ఎవరైనా అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో నాకు బాగా గుర్తుంది. నేనూ ఫొటోల్లో చేయి వెనక్కే పెట్టుకునేదాన్ని.

పైన మాస్టారికి నొప్పి తక్కువగా ఉన్నప్పుడు కత్తి వద్దన్నాను. నీకు నొప్పి లేదు, అయినా వద్దనను. మోచేతికి పైన, బయటి వైపు నుంచి ఎముకలో చీలిక ముక్క ఒకటి తీసి, తిన్నగా కలిపి, ప్లేటుతోనో తీగలతోనో బిగిస్తారు. అతుక్కోవడానికి వారాలు పడుతుంది, వంపు పూర్తిగా తిరిగి రావడానికి నెలలు. మచ్చ ఉంటుంది. దగ్గరలో నరాలున్నాయి, వాటికి ముప్పు తక్కువే గానీ లేకపోలేదు. కొందరికి బయటి వైపు ఎముక కాస్త పొడుచుకొచ్చినట్టు కనబడుతుంది. ఇవన్నీ విన్నాక కూడా కావాలనిపిస్తే అది తగిన కారణమే. ఎందుకు కావాలో అమ్మకు చెప్పడం కష్టమైతే నాకు రాసినంత స్పష్టంగా ఆమెకూ ఒక ఉత్తరం రాసి ఇవ్వు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు రెండు చేతుల ఎక్స్‌రేలూ తీసుకెళ్లు, వంకర చేతిది ఒక్కటే కాదు. ఆ చేతిని ఎంత తిప్పాలో మంచి చేతిని కొలిచే లెక్క కడతారు.